తాడు మాస్టారు, ఎర్ర రుమాలు

బట్టలారేసే తాడా? మీ అమ్మ అలాగే చెప్పిందా? ఏదీ, ఇలా ఇవ్వు. కాస్త కిటికీ దగ్గరికి జరుగు, వెలుతురు పడనీ. ఆఁ, ఇదే. ఈ చివర ఇత్తడి కొక్కెం ఉందే, దీన్ని చూసే పట్టేశాను. ఇన్నాళ్ళూ మీ అటక మీద పడుందన్నమాట. బట్టలారేసే తాడుకి ఇత్తడి కొక్కెం ఎవరు పెడతారే పిచ్చిమొహమా! ఇది ఫైర్ స్టేషను తాడు. మంటల్లోంచి మనుషుల్ని దింపడానికి కొన్నది. మీ తాత దీంతో ఇంగ్లీషు చెప్పాడు. నవ్వకు, నిజమే చెబుతున్నా. ఊళ్ళో ఆయన్ని తాడు మాస్టారనేవాళ్ళు. అసలు పేరు చెబితే పోస్టుమేను కూడా ఎవరబ్బా అని తల గోక్కునేవాడు. కూర్చో, నిలబడి వినేది కాదిది. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది. టీ తాగుతావా? వద్దా? నాకు కావాలి గానీ, కాసేపాగి పెట్టుకుందాంలే.

ముందు మా బడి సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళ బడి. పెద్దవాళ్ళంటే ముసలివాళ్ళని కాదు, పగలంతా పనులు చేసుకునేవాళ్ళు. పొద్దున్నే వచ్చి రెండు గంటలు చదువుకుని డ్యూటీలకి పరిగెత్తేవాళ్ళు. ఫైర్ స్టేషను కొత్త చోటికి మారిపోతే ఆ పాత షెడ్డు మాకిచ్చారు. ఇంజను పట్టేంత తలుపులు, లోపల బెంచీలేసుకుంటే మేమంతా ఓ మూలకే సరిపోయేవాళ్ళం. నడిమధ్య ఇనప స్తంభం ఒకటి. గంట మోగితే మంటలార్పేవాళ్ళు పై గదిలోంచి దాన్ని పట్టుకుని జర్రున జారేవాళ్ళట. అది పీకించమని మా హెడ్డు అర్జీ మీద అర్జీ పెట్టాడు, ఒక్కడూ వచ్చి చూసిన పాపాన పోలేదు. షెడ్డుని ప్లైవుడ్డుతో రెండు చేశారు. ఇటు నా లెక్కలు, అటు మీ తాత ఇంగ్లీషు. ప్లైవుడ్డు అంటే తెలుసుగా, పేరుకే గోడ. అటు ఎవరు దగ్గినా ఇటు నా కూడిక తప్పేది. అందుకని మా ఇద్దరికీ ఓ ఒప్పందం. గోల ఎక్కువైతే నేను గోడ మీద రెండు దెబ్బలు కొడతాను. ఆయన ఓ దెబ్బ కొట్టి, సరేనన్నట్టు, గొంతు తగ్గిస్తాడు. ఆ గోడ దెబ్బలు గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాయి.

ఇంగ్లీషులో ఓ తిరకాసుంది. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలిసే ఉంటుంది. మనం 'డ్రైవర్లని తిట్టే నర్సు' అంటాం. తిట్టేది ఒక్క నర్సయినా తిట్టే, పదిమంది నర్సులైనా తిట్టే. ఆ మాటకి ఎవరితోనూ పేచీ లేదు. ఇంగ్లీషువాడికి అలా కుదరదు. ముందు నర్సుని నిలబెడతాడు. ఆవిడ పక్కన 'హూ' అని ఒకణ్ణి నిలబెడతాడు. ఆవిడేం చేస్తుందో, ఎవర్ని చేస్తుందో ఆ భాగోతమంతా చెప్పుకొచ్చి, అప్పుడు తీరుబడిగా అసలు సంగతికి వస్తాడు. 'ద నర్స్ హూ స్కోల్డ్స్ ద డ్రైవర్స్ కమ్స్ ఎర్లీ.' డ్రైవర్లని తిట్టే నర్సు పెందరాళే వస్తుంది. ఆ 'కమ్స్' ఎవరిది? నర్సుది. మరి దాన్ని ఆనుకుని నిలబడిందెవరు? డ్రైవర్లు. మావాళ్ళేమో పక్కనున్నవాళ్ళే మనవాళ్ళనుకుని డ్రైవర్లతో జత కట్టేసి 'కమ్' అనేసేవాళ్ళు. దానికి తోడు ఎస్సు గొడవ. మనిషికి ఎస్సు తగిలిస్తే పదిమందట, పనికి ఎస్సు తగిలిస్తే ఒక్కడేనట. మా దర్జీ ఒకడుండేవాడు, సన్నగా, సూదిలాగే ఉండేవాడు. 'ఇదెక్కడి న్యాయం సార్? చొక్కాకి కుడితే బొత్తాం, అదే లాగుకి కుడితే కాజా అంటామా?' అనేవాడు. గోడకి ఇటు నాకు నవ్వాగేది కాదు.

మీ తాత చెప్పీ చెప్పీ విసిగి ఓ రోజు గోడ మేకుకి వేలాడుతున్న ఈ తాడు తీశాడు. 'లేవండందరూ' అన్నాడు. వాక్యాన్ని బోర్డు మీద రాయడం మానేసి మనుషుల్నే మాటలుగా నిలబెట్టాడు. ఆసుపత్రిలో ఆయాగా చేసే ఒకావిడ ఉండేది, నర్సు ట్రైనింగుకి మా బడి పరీక్ష సర్టిఫికెట్టు కావాలి. ఆవిణ్ణి అప్పటికే అందరం నర్సమ్మ అనేవాళ్ళం. ఆవిడే నర్సు. లారీ తోలే అన్నదమ్ములిద్దరు, వాళ్ళే డ్రైవర్లు. చిట్టచివర బస్సు కండక్టరు, అతనే 'కమ్స్'. కొక్కెం నర్సమ్మ చేతిసంచీకి తగిలించి, తాడు డ్రైవర్ల నెత్తిమీదుగా తెచ్చి కండక్టరు చేతికిచ్చాడు. మధ్యలో ఆ ఇనప స్తంభం అడ్డం, దాన్ని చుట్టుకుని రావాలి. 'ఇప్పుడు చెప్పు, నీ మనిషి ఎవరు?' అంటాడు. కండక్టరు డ్రైవర్ల వంక చూశాడో, నర్సమ్మ అటునించి ఒక్క లాగు లాగేది. మనిషి ముందుకి తూలేవాడు. 'టికెట్టు పక్కవాడికి కొట్టకయ్యా, నేనిక్కడున్నాను!' అనేది. ఇక మర్చిపోతాడా? చచ్చినా మర్చిపోడు. ఆ తాడు వచ్చాక ఆ క్లాసులో ఎవరు ఎవరితో పోవాలో ఎవరికీ అనుమానం రాలేదు.

హూ వేషం మాత్రం ఎవరికీ గిట్టేది కాదు. దానికంటూ ఓ రూపం లేదు కదా. వెనక ఒక్కరుంటే అదీ ఒక్కటే, వెనక గుంపుంటే అదీ గుంపే. వెనక్కి తిరిగి చూసుకుంటూ నిలబడ్డమే దాని పని. మీ తాత ఆ వేషం దర్జీకిచ్చేవాడు. బక్కమనిషి, చోటు తక్కువ పడుతుందని. 'ఎప్పుడూ నేనే హూ ఏమిటి సార్? నేనూ ఏదో ఒక పని అవుతాను, ఒక్కరోజు నన్ను ఈట్స్‌గా నిలబెట్టండి' అని బతిమాలేవాడు. 'నీ అంత బాగా వెనక్కి చూసేవాడు లేడయ్యా' అని మీ తాత మాట తప్పించేవాడు. పాపం ఆ దర్జీకి ఓడలో ఉద్యోగం ఖాయమైంది, ప్రయాణికుల బట్టలు కుట్టి ఇస్త్రీ చేసే పని. ఈ ఇంగ్లీషు నోటి పరీక్ష గట్టెక్కితే ఎక్కించుకుంటామన్నారు. వాడి ఆత్రం వాడిది.

ఏం చెబుతున్నాను? ఆఁ, గోడ దెబ్బలు. తాడొచ్చాక అటు ఒకటే గోల. తూలడాలు, నవ్వులు. నేను రెండు దెబ్బలు కొట్టాను. జవాబు లేదు. మర్నాడు కొట్టాను, లేదు. గోడ ఊగేలా కొట్టాను, ఊహూఁ. ఓహో, తాడు మాస్టారని పేరొచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయన్నమాట అనుకున్నాను. నేనూ మాట్లాడ్డం మానేశాను. ఎదురుపడితే తల తిప్పుకుని పోయేవాణ్ణి. ఆయనేమో ఎప్పట్లాగే నవ్వేవాడు, దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండేది. కొన్నాళ్ళకి మీ అమ్మమ్మ మందుల షాపు దగ్గర కనపడి, 'ఏం మాస్టారూ, మా ఇంటి వైపే రావడం లేదు' అంది. నాకు కడుపులో ఉన్నది ఆగలేదు. 'పిలిస్తే పలకనివాళ్ళ ఇంటికి ఏమని రమ్మంటారమ్మా?' అనేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. అటూ ఇటూ చూసి, 'పలకడానికి వినపడాలి కదండీ' అంది. ఆ మాట అన్నాక నోటికి కొంగడ్డం పెట్టుకుంది. నన్ను ఒట్టు వేయించుకుంది, ఎవరికీ చెప్పొద్దని.

ముందు సన్న శబ్దాలు పోయాయట. పిట్టల కూతలు, ప్రెషర్ కుక్కరు కూత, గడియారం చప్పుడు. మాటల్లో చూసుకుంటే ఆ ఎస్సు. మనిషి మొహం చూస్తూ వింటే మిగతాది తంటాలు పడి పట్టేసేవాడు గానీ మాట చివర ఆ ఎస్సు ఉందో లేదో ఆయనకి ఒకటే. చూడు, ఏ ఎస్సు చెప్పి జీతం తీసుకుంటున్నాడో ఆ ఎస్సే వినపడదు. బయటపడితే ఉద్యోగం ఉండదు. మీ అమ్మ అప్పుడు కాలేజీలో మొదటి ఏడు. ఇంట్లో వచ్చే జీతం అదొక్కటే. అందుకని తాడు. ఎవరు ఎవరితో జత కట్టారో చెవితో పన్లేకుండా కంటితో చూసేయొచ్చు కదా. ఊరంతా ఆహా ఏం పద్ధతి అంది. ఇంకో బడినించి మాస్టార్లు వచ్చి చూసి వెళ్ళారు. అందులో గడుసుతనం ఉంది, కాదనను. కానీ దానికి తల్లి భయం. 

ఇక రుమాలు. తాడుతో ఎవరివైపో తెలుస్తుంది గానీ, నోటితో ఎస్సు పలికారా లేదా అన్నది తెలీదుగా. దానికి ఆయనేం చేసేవాడో, ఎన్నాళ్ళు గుండె చిక్కబట్టుకుని 'గుడ్, గుడ్' అని నెట్టుకొచ్చాడో. ఓ రోజు నర్సమ్మ లేచి, 'సార్, మాకు ఎస్సు గుర్తుండి చావట్లేదు. ఎస్సు పలికినప్పుడల్లా ఎర్ర రుమాలు ఎత్తుతాం, అలా అలవాటైపోతుంది' అంది. దర్జీ అస్తరు గుడ్డ తెచ్చి అంచులు మడిచి బ్రహ్మాండంగా కుట్టుకొచ్చాడు. మీ తాత మొహం వెలిగిపోయిందట. ఇంటికొచ్చి మీ అమ్మమ్మతో, 'దేవుడే వాళ్ళకా బుద్ధి పుట్టించాడు' అన్నాడట. దేవుడు కాదు, నర్సమ్మ. ఆవిడ ముసలి రోగుల దగ్గర రోజంతా పని చేసేది, ఆమాత్రం పోల్చుకోలేదూ? టీకొట్టు దగ్గర అందర్నీ పోగేసి చెప్పేసింది, 'సార్‌కి సన్నవి వినపడవు. ఆయన దాచుకుంటున్నాడు. మనకి తెలిసినట్టు తెలియనివ్వకండి' అని. అలా నడిచిపోయింది వ్యవహారం. ఆయన వాళ్ళకి తెలియదనుకున్నాడు. వాళ్ళు ఆయనకి తెలియనివ్వలేదు. నేను ఇద్దరి దగ్గరా ఏమీ తెలియనట్టు కూర్చున్నాను. మొత్తం మీద బాగానే జరిగింది. అలవాటు ఎంత ముదిరిందంటే, కండక్టరు బస్సులో ఎవరో విదేశీయుడితో ఇంగ్లీషు మాట్లాడుతూ ఎస్సు వచ్చినప్పుడల్లా చెయ్యి పైకెత్తేవాడట. డ్రైవరు ఆపమన్నాడనుకుని ప్రతిసారీ బ్రేకు వేసేవాడట.

పరీక్షకి పై ఊరినించి ఆఫీసరు వచ్చాడు. నున్నగా గీసుకున్న గడ్డం, తోలుసంచీ, తక్కువ మాటలు. చెడ్డవాడేం కాదు. వచ్చీరాగానే, 'ఈ తాళ్ళేమిటి, గుడ్డలేమిటి, బయట పెట్టించండి' అన్నాడు. పెట్టించాం. ఓ బల్ల, దాని వెనక ఆఫీసరు, ఓ పక్కగా మీ తాత, ఆయన కూడా మార్కులు వెయ్యాలి. పేర్లు పిలవడానికి నేను. ముందు నర్సమ్మ వచ్చింది. ఆఫీసరు అడిగాడు, ఆవిడ గడగడా చెప్పింది. చెబుతూ, రుమాలు లేదు కదా, వట్టి చెయ్యే భుజం దాకా ఎత్తింది. మీ తాత తలూపి మార్కు వేసుకున్నాడు. కండక్టరూ అంతే. చెయ్యి లేచింది, ఈయన తలూపాడు. లారీ అన్నదమ్ముల్లో పెద్దవాడూ అంతే. అప్పుడు ఆఫీసరు కలం కింద పెట్టాడు. 'ఆపండి' అన్నాడు.  ఆయనకి ఎలా కనపడిందో నాకు అప్పుడర్థమైంది. వీళ్ళు చెయ్యెత్తి, ఎస్సు పెట్టాలా సార్ అని అడుగుతున్నారు, మీ తాత తలూపి, పెట్టు అంటున్నాడు. అదీ ఆఫీసరుకి తోచింది. కళ్ళెదుట జరిగినదాన్ని పూర్తిగా తలకిందులు చేసి చదివాడు మహానుభావుడు. ఆయన్ననుకుని ఏం లాభం, మనమైనా అలాగే అనుకుంటాం.

గొంతు పెంచాడు. 'ఇది కాపీ. అందరి పరీక్షా రద్దు. వచ్చే ఏడు మళ్ళీ రాయండి' అన్నాడు. హెడ్డు పరిగెత్తుకొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఆఫీసరు హెడ్డుతో మెల్లిగా, 'ఈయన సర్వీసు చూశాను, మచ్చ లేదు. పొరపాటైందని ఓ కాగితం రాసిస్తే మందలించి వదిలేస్తాను. ఉద్యోగానికి ఢోకా ఉండదు' అన్నాడు. మీ తాతకి ఇందులో ఒక్క ముక్క అందలేదు. అటు చూశాడు, ఇటు చూశాడు. బెంచీల మీద అందరి తలలూ వాలిపోయి ఉన్నాయి. దర్జీ అయితే గోడకానుకుని చెమట తుడుచుకుంటున్నాడు. మీ తాత నా వైపు తిరిగి 'ఏమిటి?' అని కనుబొమ్మలెగరేశాడు.  నోటితో చెప్పి ఏం లాభం? అక్కడున్న పలక తీసి రాశాను. కాపీ అంటున్నాడు, అందరికీ రద్దు, మీరు కాగితం రాసిస్తే మీకేం కాదు అని. మరి అన్నీ చెప్పాలిగా. ఆయన చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. మళ్ళీ చదివాడు. ఆ కాసేపూ ఆయన మనసులో ఏం తిరిగిందో నాకు తెలుసమ్మా. మీ అమ్మ కాలేజీ ఫీజు తిరిగింది. మీ అమ్మమ్మ తిరిగింది. నేనైతే ఆ కాగితం రాసిచ్చేవాణ్ణి. ఏడాదేగా, మళ్ళీ రాసుకుంటారు అనుకునేవాణ్ణి.

ఆయన లేచి నిలబడ్డాడు. 'అయ్యా, వాళ్ళు నన్ను అడగడం లేదండీ. నాకు చెబుతున్నారు' అన్నాడు. 'నాకు ఎస్సు వినపడదు. ఏళ్ళయింది. చెయ్యి చూసి మార్కు వేస్తున్నాను. నన్ను బయట కూర్చోబెట్టి మళ్ళీ మొదట్నించీ అడగండి. అప్పుడు వాళ్ళు చెయ్యెత్తినా చూసేవాడుండడు.'  ఏదో పెద్ద పిడుగు వేశాననుకున్నాడు పాపం. అలా అనేసి, మావాళ్ళు ఎంత ఉలిక్కిపడ్డారో చూద్దామని బెంచీల వైపు తిరిగాడు. ఒక్కరూ ఉలిక్కిపడలేదు. ఆ గదిలో నోరు తెరిచింది ఆఫీసరు ఒక్కడే. నర్సమ్మ ఆయన కళ్ళలోకి చూస్తూ, పెదాలు బాగా కదిపి, 'మాకు తెలుసు సార్' అంది. అది వినపడిందో, కనపడిందో. మీ తాత అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు. దర్జీ తల వంచుకుని గోళ్ళు గిల్లుకుంటున్నాడు. అప్పుడు చూడాలి ఆయన్ని. సిగ్గుపడ్డాడు. పెళ్ళిచూపుల్లో కుర్రాడిలా చెవులదాకా ఎర్రబడిపోయాడు. బయటికి వెళ్ళి వరండాలో స్టూలు మీద కూర్చున్నాడు. తలుపు నేనే వేశాను.

అదీ జరిగింది. నువ్వు విన్నదేమిటి? కాపీ చేయించి దొరికిపోయాడనేగా? మీ అమ్మ విన్నదీ అదే. ఆఫీసరు గొంతు పెంచినప్పుడు రోడ్డు మీద పోయేవాడెవడో 'కాపీ' అన్న ముక్క విన్నాడు. మీ తాత అన్నది అంత గట్టిగా అనలేదు. ఊరికి ఆ ముక్క చాలు. మర్నాటికి పాలవాడి నోటా అదే, పేపరువాడి నోటా అదే. ఆఫీసరు తన కాగితంలో ఉన్నదున్నట్టు రాశాడు, వినికిడి లేదు, బోధనకి పనికిరారు అని. ఆయన్ని నేను తిట్టను. కానీ ఆఫీసు కాగితాలు ఊళ్ళో ఎవరు చదువుతారు? ఉద్యోగం పోవడం అందరికీ కనపడింది, ఎందుకు పోయిందో వాళ్ళే అతికించుకున్నారు. మీ అమ్మ కాలేజీ మాని ఫోటో స్టూడియోలో కౌంటరు దగ్గర చేరింది. వచ్చే పోయే జనం అక్కడ. 'కాపీ మాస్టారి కూతురు' అని ఆ పిల్ల వెనకే అనుకునేవాళ్ళు. అవన్నీ ఆ పిల్ల విన్నది. తండ్రి వినలేదు, వినపడితేగా! ఊరంతా తన గురించి ఏం మాట్లాడుకుందో తెలియకుండానే ఆయన పోయాడు. ఇంట్లో కూతురు ఎందుకు మాట్లాడ్డం లేదో మాత్రం అర్థం కాక నన్ను అడిగేవాడు. చదువు ఆగిపోయిందని కోపం కాబోలు, న్యాయమే అనేవాడు. మీ అమ్మమ్మ సంగతి వేరు. 'హమ్మయ్య, ఇక ఇంట్లో హాయిగా అరుచుకోవచ్చు' అంది. అని లోపలికి వెళ్ళి ఏడ్చిందనుకో. మీ అమ్మకి చెప్పలేదా అంటావా? మీ అమ్మమ్మా చెప్పబోయింది, నేనూ చెప్పబోయాను, ఒకసారి కాదు. ఆ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్ళిపోయేది. నాన్నని వెనకేసుకొస్తున్నారనుకునేది. ఇప్పుడు నిన్ను పంపింది. బట్టలారేసే తాడంటూనే, అదేమిటో అడిగి రమ్మందంటున్నావు చూడు, అది నాకు చాలా సంతోషంగా ఉంది.

ఆగు, అసలుది వదిలేశాను. ఆ రోజు తలుపు వేశాక ఆఫీసరు అందర్నీ మళ్ళీ మొదట్నించీ అడిగాడు. వంకర ప్రశ్నలు వేసి మరీ అడిగాడు. నర్సమ్మ, కండక్టరు, లారీ అన్నదమ్ములు, మిగతావాళ్ళు, అందరూ గట్టెక్కారు. చేతులు మాత్రం లేస్తూనే ఉన్నాయి. చూసేవాడు లేకపోయినా లేచాయి. దర్జీ ఒక్కడే తప్పాడు. అందరూ వరండాలోకి వచ్చారు. మీ తాత స్టూలు మీద ఈ తాడు చుట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వీళ్ళు మెట్ల మీద వరసగా నిలబడి చేతులెత్తారు. పాసైనవాళ్ళందరివీ చేతులు పైకి. దర్జీవి జేబుల్లో. ఆయన లేచి వాడి దగ్గరికి వెళ్ళి, 'ఎక్కడ పోయింది?' అన్నాడు. వాడు నిదానంగా, మొహమ్మీద మొహం పెట్టి, 'పని దగ్గర సార్. నేనెప్పుడూ హూ కదా. ఎస్సు నా దాకా ఎప్పుడొచ్చింది?' అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. రుమాలు కుట్టింది వాడు, ఒక్కసారి పట్టుకున్నది లేదు. మీ తాత, 'అవునోయ్, నాదే తప్పు' అని చేతిలో తాడు విప్పాడు. ఉద్యోగం పోయిందని అప్పటికే తెలుసు మనిషికి. అయినా నర్సమ్మని అక్కడ నిలబెట్టి సంచీకి కొక్కెం తగిలించాడు, లారీ అన్నదమ్ముల్ని వాళ్ళ చోట పెట్టాడు, కండక్టర్ని పక్కకి జరిపి ఆ చివర దర్జీని నిలబెట్టి రుమాలు చేతిలో పెట్టాడు. హూ లేడు. చుట్టూ చూశాడు. ఆఫీసరు తోలుసంచీ చంకన పెట్టుకుని గుమ్మం దాటుతున్నాడు. మీ తాత వెళ్ళి ఆయన భుజం పట్టుకుని తీసుకొచ్చి నర్సమ్మ పక్కన నిలబెట్టాడు. 'మీరు హూ అండీ. ఏం చెయ్యక్కర్లేదు. మీ వెనక ఎవరున్నారో చూసుకోండి, చాలు' అన్నాడు. హెడ్డు కళ్ళు మూసుకున్నాడు. ఆఫీసరు, నా కళ్ళతో చూశానమ్మా, సంచీ కింద పెట్టి మెడ తిప్పి వెనక్కి చూశాడు. నర్సమ్మ తాడు లాగింది. దర్జీ తూలలేదు. 'కమ్స్' అన్నాడు, వీధి చివరికి వినపడేలా, రుమాలు తలమీదకెత్తి. మీ తాతకి వినపడలేదు. చూశాడు. 'రైట్' అన్నాడు.

...

రుమాలా? దర్జీ జేబులో పెట్టుకుపోయాడు. మళ్ళీ ఏడు పాసై ఓడెక్కాడు, దానితోనే. కుట్టింది వాడేగా. ఏమిటలా చూస్తావు, తాడు అలా చుట్టకు, మెలిక పడుతుంది. మోచేతి మీదుగా చుట్టు. ఆఁ, అలా. తీసుకెళ్ళి మీ అమ్మకివ్వు. బట్టలారేసుకుంటానంటే ఆరేసుకోనీ. గట్టి తాడు. లే, టీ పెట్టు.